డిసెంబర్ జీతాన్ని జనవరి దాకా లాగాలి

యూకేలో క్రిస్మస్ అనగానే ఇంటి దగ్గరోళ్లు అనుకునేది మూడే, లైట్లు, మంచు, బోనస్సు. లైట్లు నిజమే. మంచు మా లెస్టర్‌లో డిసెంబర్‌లో పడేది తక్కువ, పడేదల్లా సన్న వాన. ఇక బోనస్ సంగతి మా నాన్న ప్రతి ఏడూ అడుగుతాడు, "ఏరా, మీ వాళ్ల పండగే కదా, ఏమన్నా ఇచ్చారా" అని. నేను చేసేది కేర్ హోంలో, అంటే ముసలోళ్లని చూసుకునే చోట, అక్కడ బోనస్ ఏంటి నాన్నా, ఓ చాక్లెట్ డబ్బా పెట్టి తలా రెండు తీసుకోండి అన్నారు అని చెప్తే నమ్మడు.

ఇక్కడ కొత్తగా వచ్చినోళ్లకి ఎవరూ ముందే చెప్పని విషయం ఒకటుంది. చాలా చోట్ల డిసెంబర్ జీతం నెలాఖరు దాకా ఆగకుండా పండక్కి ముందే 19, 20 తారీకుల్లోనే వేసేస్తారు, అకౌంట్లో డబ్బు పడింది, ఎదురుగా షాపులన్నీ మెరిసిపోతున్నాయి, అందరూ కొంటున్నారు, మనమూ కొంటాం, తీరా చూస్తే మళ్ళీ జీతం జనవరి ఆఖర్న. అదే జీతం, కానీ నాలుగు వారాలు కాదు దాదాపు ఆరు వారాలు నడవాలి, మధ్యలో 1వ తారీకు అద్దె ఒకటి. అందుకే మా ఇంట్లో డిసెంబర్ జీతం పడిన రోజే జనవరి అద్దె, కౌన్సిల్ ట్యాక్స్ (ఇక్కడి ఇంటి పన్ను) వాటా తీసి వేరే అకౌంట్లోకి తోసేస్తాం. మిగిలిందే జీతం అనుకుని బతకడమే, వేరే కిటుకేమీ లేదు.

మా ఇంట్లో మాతో పాటు మాస్టర్స్ చదివే స్టూడెంట్లు ఇద్దరున్నారు. స్టూడెంట్ వీసా కాబట్టి వాళ్లకి కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని, 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా 21 నిండినోళ్లకి కనీస వేతనం గంటకి 12.21 పౌండ్లు ఉండేది, అంటే వారానికి 244 చిల్లర. క్రిస్మస్ సెలవుల్లో ఫుల్‌టైం చేయొచ్చు కానీ యూనివర్సిటీ లెక్కలో అది సెలవే అయ్యుండాలి, పని ఇప్పించే ఏజెన్సీ వాళ్లు టర్మ్ తేదీల లెటర్ అడుగుతారు, అది నవంబర్‌లోనే తెచ్చి పెట్టుకోవాలి. బ్లాక్ ఫ్రైడే (నవంబర్ ఆఖర్లో వచ్చే పెద్ద సేల్) నుంచి క్రిస్మస్ దాకా వేర్‌హౌసుల్లో మనుషులు చాలరు, రా రా అని మెసేజ్‌లు పెడతారు. జనవరి మొదటి వారం నుంచి అదే ఏజెన్సీకి మనం మెసేజ్ పెట్టినా రిప్లై ఉండదు. రెండో ఉద్యోగం చేస్తే బీఆర్ అని పన్ను మినహాయింపు లేని ట్యాక్స్ కోడ్ పడి మొదటి పౌండు నుంచే 20 శాతం కోస్తారు, మావాడు ఒకడు పేస్లిప్ చూసి ఏడ్చినంత పని చేశాడు. ఏడాది మొత్తం సంపాదన 12,570 పౌండ్ల లోపు ఉంటే ఆ కోసింది తిరిగొస్తుంది, కాకపోతే ట్యాక్స్ సంవత్సరం ఏప్రిల్ 5న ముగిశాక చూసుకోవాల్సిందే చాలాసార్లు, కాబట్టి దాన్ని జనవరి ఖర్చుల లెక్కలో వేసుకోకూడదు.

నాకైతే 25న షిఫ్ట్. ఆ రోజు పని చేస్తే డబుల్ ఇవ్వాలని చట్టమేమీ లేదు ఇక్కడ, కాంట్రాక్ట్‌లో ఏం రాసుంటే అది, మా దగ్గర ఒకటిన్నర రెట్లు ఇస్తారు. మా తెనాలి వైపు క్రిస్మస్ అంటే కొత్త బట్టల్లేకుండా చర్చికి వెళ్లడం అనేది ఉండదు, అప్పు చేసైనా కొంటారు, ఇంటి మీద స్టార్ కడతారు. ఇక్కడ పండగ పొద్దున నేను యూనిఫాం వేసుకుని పెద్దాయనలకి పళ్ళు తోమిస్తుంటా. బాధేం లేదు నిజంగా, మా తెలుగు ఫెలోషిప్ వాళ్లు హాలు అద్దెకి తీసుకుని డిసెంబర్ మొదట్లోనే సెమీ క్రిస్మస్ చేసేస్తారు, తలా ఓ వంట తెస్తారు, పాటలు పాడుకుంటాం, కడుపు నిండా తింటాం. అసలు ఇబ్బంది రాకపోకలది. 25న రైళ్లు ఉండవు, మా వైపు బస్సులూ ఉండవు, ట్యాక్సీ ఎక్కితే ఆ ఒకటిన్నర రెట్టులో అర రెట్టు వాడికే. అందుకే రోటా, అంటే ఎవరికి ఏ షిఫ్టో రాసే పట్టీ, రాగానే కారున్నోడు ఏ షిఫ్టో కనుక్కుని నేనూ అదే అడిగి తీసుకుంటా, పెట్రోలుకి మూడు పౌండ్లు చేతిలో పెడతా.

తిండి దగ్గరికొస్తే డిసెంబర్ అంత చవక నెల ఈ దేశంలో ఇంకోటి లేదని నా నమ్మకం, ఎవరన్నా వాదిస్తే వాదించండి. పండక్కి వారం ముందు సూపర్ మార్కెట్లు ఒకదానితో ఒకటి పోటీపడి కూరగాయల రేట్లు పడేస్తాయి. 2023, 2024లో ఆల్డి, లిడిల్, టెస్కోల్లో క్యారెట్లు, బంగాళాదుంపలు, పార్స్‌నిప్స్ (తెల్ల క్యారెట్ లాంటి దుంప), స్ప్రౌట్స్ (మొలకలు కాదు, బుల్లి క్యాబేజీల్లాంటివి) సంచీ 15 పెన్నీలకి అమ్మారు, తర్వాత ఇంకా దించినోళ్లూ ఉన్నారు. టెస్కోలో అయితే ఆ రేటుకి వాళ్ల మెంబర్ కార్డు, క్లబ్‌కార్డ్, ఉండాలి. వాళ్లు నష్టానికి అమ్మేది మనం లోపలికొచ్చి టర్కీలు, వైన్లు కొంటామని, మనం క్యారెట్లు మాత్రమే కొనుక్కుని బయటికి రావాలి, అంతే ఆట.

స్ప్రౌట్స్‌ని తెల్లోళ్లు ఉడకబెట్టి పాడు చేస్తారు గానీ రెండు ముక్కలుగా కోసి, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి తాలింపులో పెద్ద మంట మీద వేయించి చివర్లో ఎండు కొబ్బరి కారం చల్లితే క్యాబేజీ వేపుడు దీని ముందు బలాదూర్. పార్స్‌నిప్ తియ్యగా ఉంటుంది, చింతపండు పులుసులో వేస్తే గుమ్మడికాయ పులుసు గుర్తొస్తుంది. స్వీడ్ అని ఒక లావుపాటి దుంప ఉంటుంది, సాంబార్‌లో ముల్లంగి బదులు. బంగాళాదుంపలు చీకటిగా చల్లగా ఉన్న చోట పెడితే జనవరిలో చాలా రోజులు వస్తాయి, క్యారెట్లు తురిమి ఫ్రీజర్లో పెడతాం. కందిపప్పు, బియ్యం మాత్రం బెల్‌గ్రేవ్ రోడ్డులో మన షాపుల్లోనే, పెద్ద సంచీ నలుగురం పంచుకుంటాం.

24 సాయంత్రం ఇంకో వేట. పెద్ద షాపులన్నీ ఆ రోజు తొందరగా మూసేస్తారు, 280 చదరపు మీటర్లు దాటిన షాపు 25న తెరవకూడదని 2004 నుంచి చట్టం ఉంది, కాబట్టి తేదీ అయిపోయే సరుకంతా మూసేలోపు వదిలించుకోవాలి. నాలుగు గంటల నుంచి రేటు తగ్గించిన పసుపు స్టిక్కర్లు అంటించే మనిషి వెనకాల తిరగడానికి సిగ్గుపడితే కుదరదు, ఇక్కడి పెద్దమ్మలే ట్రాలీ అడ్డం పెట్టి నిలబడతారు. చికెన్ దొరికితే తెచ్చి ముక్కలు చేసి అదే రోజు ఫ్రీజర్లోకి. టర్కీ మాత్రం వద్దు బాబూ, ఎంత చవకైనా, నేను బిర్యానీ కూడా వేసి చూశా, పీచే.

ఇంట్లో గొడవంతా హీటింగ్ మీద. మాది ప్రీపేమెంట్ మీటర్, ముందు డబ్బు వేస్తేనే కరెంటు, గ్యాసు. పండగ సెలవుల్లో బ్యాలెన్స్ అయిపోయినా కరెంటు, గ్యాసు కట్ చేయరు, అది చూసి మావాళ్లు ఊరికే వస్తోందన్నట్టు హీటర్ ఇరవై రెండు మీద పెట్టుకుని షార్టుల్లో తిరిగారు, సెలవులయ్యాక టాప్-అప్ చేస్తే ముందు ఆ బాకీ కోసుకుని మిగిలింది చూపించింది. ఇప్పుడు పొద్దున ఓ గంట, రాత్రి రెండు గంటలు, మిగతా టైంలో స్వెట్టర్లు. తలుపులు కిటికీలు మొత్తం బిగించేస్తే మళ్ళీ గోడలకి బూజు, దాన్ని సాకుగా పెట్టుకుని ఓనర్ డిపాజిట్‌లో కోస్తాడు, అందుకని వంట చేసేటప్పుడు కిటికీ ఓ పది నిమిషాలు తీయాల్సిందే.

సీక్రెట్ శాంటా అని పని దగ్గర చీటీ తీయిస్తారు, ఎవరి పేరొస్తే వాళ్లకి ఓ కానుక ఇవ్వాలి, ఐదు పౌండ్ల లిమిట్. తప్పించుకోవద్దు, మొహం చెల్లదు. పాత సామాన్లు అమ్మే చారిటీ షాపులో కొత్తదిలాంటి మగ్గో, ఫ్రేమో రెండు పౌండ్లకి దొరుకుతుంది, చలి కోట్లు కూడా అక్కడే కొనండి, నాది అక్కడిదే. బాక్సింగ్ డే, అంటే 26న పెట్టే సేల్ జోలికి వెళ్తే ముందే రాసుకున్న వస్తువు కోసమే వెళ్లాలి. "ఇప్పుడు తీసుకో, మూడు వాయిదాల్లో కట్టు" అనే బటన్ మాత్రం నొక్కొద్దు, ఆ రెండో వాయిదా సరిగ్గా జనవరి జీతం పడకముందే వచ్చి కూర్చుంటుంది.

ఇంటికి పంపే డబ్బు సంగతి నవంబర్‌లోనే మాట్లాడేస్తాను, డిసెంబర్‌లో ఎప్పటి కంటే తక్కువే పంపుతా, ఫిబ్రవరిలో సర్దుతా అని. 2025లో పౌండు 115 రూపాయలు దాటేసరికి ఇప్పుడే పంపు అని నాన్న తొందర పెడతాడు, అమ్మ మాత్రం "బట్టలవీ వద్దులే నాన్నా, ఉన్నవి చాలు, నువ్వు ఎప్పుడొస్తావో అది చెప్పు" అంటుంది. డిసెంబర్‌లో హైదరాబాద్ టికెట్ రేటు చూస్తే కళ్ళు తిరుగుతాయి. అదే ఫ్లైట్ ఫిబ్రవరిలో చాలా దిగుతుంది, కేర్ హోంలోనూ అప్పుడు సెలవు అడిగేవాళ్లు ఉండరు కాబట్టి మేనేజర్ మారుమాట్లాడకుండా సంతకం పెడుతుంది. సెలవు రాసిచ్చా, టికెట్ రేటు రోజూ చూస్తున్నా, ఇంకో పాతిక పౌండ్లు తగ్గితే కొనేస్తా.