మా సంఘంలో ఒక ‘హెచ్’ తక్కువైంది

2024 సెప్టెంబరు మొదటి వారం. విజయవాడ సింగ్‌నగర్‌లో బుడమేరు వరద నీళ్లు ఇంకా తీయలేదు. తెనాలి నుంచి ఒకాయన ఫోన్ చేసి, “అమ్మా, మీ వెబ్‌సైట్‌లో క్యూఆర్ కోడ్‌కి ఐదు వేలు పంపాను, రసీదు రాలేదండీ” అన్నారు. మాకసలు క్యూఆర్ కోడే లేదు. వెబ్‌సైట్ కూడా మా చేయి దాటిపోయి అప్పటికి ఏడాదైంది.

మాది చిన్న సంఘం. సత్యనారాయణపురంలో ఓ పాత ఇంటి ముందు గది. మంచాన పడ్డవాళ్లకు వాకర్లు, వీల్‌చైర్లు, ఎయిర్ బెడ్‌లు ఊరికే ఇస్తాం, అవసరం తీరాక తెచ్చి అప్పగిస్తారు. బ్యాంకులో ముప్పై మూడేళ్లు చేశానని కోశాధికారి పదవి నాకు తగిలించారు.

సైట్ పోవడంలో దొంగల తప్పు కంటే మా తప్పే ఎక్కువ. అప్పట్లో ఒక కుర్రాడు డబ్బులు తీసుకోకుండా చేసిపెట్టాడు. చివర డాట్ ఆర్గ్ అని వచ్చే సైట్ పేరు తన మెయిల్‌తో, తన కార్డుతో కొన్నాడు. తర్వాత ఎమ్మెస్‌కి అమెరికా వెళ్లాడు, ఇక్కడి కార్డు తీసేశాడు, రెన్యువల్ చేయమని వచ్చిన మెయిళ్లు ఎవరూ తెరవని పెట్టెలో పడ్డాయి. నిజానికి గడువు దాటిన రోజే పేరు పోదు. అమ్మిన కంపెనీని బట్టి 45 రోజుల దాకా ఆగుతారు, ఆ తర్వాత జరిమానా కట్టి విడిపించుకోవడానికి 30 రోజులుంటాయి, ఆఖరున ఇంకో 5 రోజులు. బంగారం తాకట్టుకి కూడా ఇంత ఓపిక ఉండదు. మాలో ఒక్కరికీ తెలియలేదు. పేరు బయటికొచ్చింది, ఎవరో కొనుక్కున్నారు, వరద రాగానే మా వీల్‌చైర్ల ఫొటోల కింద వాళ్ల క్యూఆర్ కోడ్ అంటించారు.

సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. కొన్నాళ్లకు ఆ పేజీ తెరుచుకోవడం మానేసింది. ఐదు వేలు తిరిగి రాలేదు. మేమిస్తామంటే తెనాలి ఆయన ససేమిరా అన్నారు.

అప్పుడు మా అక్క మనవడిని కూర్చోబెట్టుకుని అడిగాను. “చిన్నమ్మమ్మా, డాట్ ఆర్గ్ అంటే సేవా సంస్థ అని జనం అనుకుంటారు గానీ అది ఎవరైనా కొనుక్కోవచ్చు. ఏ కాగితమూ అడగరు” అన్నాడు. నాకు నిజంగా ఆశ్చర్యమేసింది. పొదుపు ఖాతా తెరవడానికి రెండు గుర్తింపు కార్డులు అడిగిన చేతులివి. డాట్ ఆర్గ్ డాట్ ఇన్ అయినా అంతేనట.

కార్యవర్గంలో ఈ మాట పెట్టాను. ఒకాయన, “మనది ప్రభుత్వ చట్టం కింద రిజిస్టరైన సొసైటీ కదా, డాట్ గవ్ డాట్ ఇన్ ఇవ్వరా?” అన్నారు. ఇవ్వరు, అది ప్రభుత్వ కార్యాలయాలకే. నాకు మా బ్యాంకు గుర్తొచ్చింది. 2025 అక్టోబరు 31లోగా బ్యాంకులన్నీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కి మారాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఆ పేర్లు హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఒక్కటే ఇస్తుంది, బ్యాంకు కానివాడికి ఇవ్వదు. సేవా సంఘాలకు అలాంటిది ఉందా అంటే, ఉంది. డాట్ ఎన్జీవో, అంటే ప్రభుత్వేతర సంస్థ అని. డాట్ ఆర్గ్‌ని 2003 నుంచి నడుపుతున్న పబ్లిక్ ఇంటరెస్ట్ రిజిస్ట్రీయే 2015లో దీన్నీ తెరిచింది. మొదట్లో దీనికి జోడీగా డాట్ ఓఎన్జీ కూడా కలిపి ఇచ్చేవారు, ఫ్రెంచి, స్పానిష్ వాళ్ల భాషలో అక్షరాలు అలా తిరగబడతాయి కాబట్టి. డాట్ ఎన్జీవో కొనే సంఘానికి లాభాపేక్ష ఉండకూడదు, ప్రభుత్వం చేతి కింద ఉండకూడదు, పార్టీ అయి ఉండకూడదు, పేరుకే కాకుండా నిజంగా పని చేస్తూ ఉండాలి. డాట్ ఆర్గ్ కన్నా ఖరీదు ఎక్కువే.

అధ్యక్షులు మేష్టారికి ఒక అనుమానం. “అమ్మా, ఇది విదేశీ వ్యవహారంలా ఉంది. ఎఫ్‌సీఆర్‌ఏ గొడవ రాదు కదా?” రాదండీ మేష్టారూ, విదేశీ విరాళం మనం తీసుకుంటేనే ఆ చట్టం, ఇక్కడ మనమే డబ్బు కడుతున్నాం అని చెప్పాను. మినిట్స్‌లో ఆ వాక్యం రాయించాకే సంతకం పెట్టారు.

ఈసారి పేరు సంఘం పేరు మీదే కొన్నాం. మెయిల్ కూడా ఏ మనిషిదీ కాదు, కోశాధికారి పదవిది. రేపు నేను పోయినా పాస్‌వర్డ్ బీరువాలో ఉంటుంది. మెయిల్ సరిచూసుకోమని వచ్చిన లింకు 15 రోజుల్లో నొక్కకపోతే పేరు ఆపేస్తారని మనవడు చెప్పాడు గనక అదే రోజు నొక్కాను.

అర్హత ఉందని ముందు మనమే ఒప్పుకుని కొంటాం, అడిగితే కాగితాలు చూపాలి. మమ్మల్ని అడిగారు. 2006లో ఏడుగురం సంతకాలు పెట్టి తెచ్చుకున్న సొసైటీ సర్టిఫికెట్, దానితో పాటు పాన్ కార్డు పంపాను. నాలుగో రోజు జవాబొచ్చింది, రెండింట్లో పేరు ఒకటి కాదని.

కళ్లజోడు తుడుచుకుని చూశాను. సర్టిఫికెట్‌లో ‘సంఘం’ అన్న మాటకి ఇంగ్లీషులో జీ తర్వాత హెచ్ ఉంది. పాన్‌లో లేదు. తెలుగులో ‘ఘ’కి ఒత్తు ఊడిపోతే ఎవరైనా పట్టేస్తారు. ఇంగ్లీషులో పంతొమ్మిదేళ్లు ఎవరి కంటా పడలేదు. ఆ పాన్ ఫారం నింపింది నేనే.

కౌంటర్లో కూర్చున్న రోజుల్లో ఎంతమంది వెంకటేశ్వర్లుల్ని, వెంకటేశ్వరరావుల్ని వెనక్కి పంపానో లెక్కలేదు. ‘లక్ష్మి’లో ఎక్స్ వచ్చిందని ఒకావిడ పెన్షన్ ఖాతా నెల రోజులు ఆపాను. ఉయ్యూరు నుంచి బస్సులో వచ్చేది పాపం. “నేను నేనే కదమ్మా” అనేది. కాగితం అలా అనట్లేదమ్మా అనేదాన్ని.

అఫిడవిట్ ఇస్తే సరిపోతుందేమో అన్నారు కొందరు. నాకు మనసొప్పలేదు. పాన్ దిద్దించడానికి 107 రూపాయలు కట్టాను. పాన్ మారితే బ్యాంకు ఖాతాలో పేరు మారాలి. నేను పని చేసిన బ్రాంచికే వెళ్లాను. కౌంటర్లో కొత్తమ్మాయి. “మేడమ్, తీర్మానం కాపీ లెటర్‌హెడ్ మీద కావాలి, ఇది తెల్లకాగితం” అంది. వెనకనుంచి మేనేజరు లేచి రాబోయాడు, నేనే వద్దని సైగ చేశాను. ఎండలో మళ్లీ సత్యనారాయణపురం వచ్చి, మేష్టారి సంతకం తీసుకుని, లంచ్ అవర్ అయ్యేదాకా బెంచీ మీద కూర్చున్నాను. ఆ బెంచీ అంత గట్టిగా ఉంటుందని నాకెప్పుడూ తెలియలేదు.

హెచ్ ఉన్న పాన్ పంపాక వారంలో పేరు ఖాయమైంది. రసీదు పుస్తకాలు కొత్త అడ్రసుతో అచ్చువేయించాం. గది బయట బోర్డు మీద కూడా చివర ‘డాట్ ఎన్జీవో’ అని పెద్ద అక్షరాల్లో రాయించాడు మనవడు. వాడు హైదరాబాద్‌లో పెరిగాడు. గాంధీనగర్‌లో ఎన్జీవో హోమ్ ఉన్న ఊళ్లో ఆ మూడక్షరాలంటే నాన్ గెజిటెడ్ ఉద్యోగులని వాడికి తట్టలేదు, చెప్పాలని నాకూ తట్టలేదు.

మొన్న సోమవారం తలుపు తీసేసరికి మెట్ల మీద ఒక పెద్దాయన, చేతిలో ప్లాస్టిక్ కవరు. వాకర్ కోసమేమో అనుకుని లోపలికి రమ్మన్నాను. కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు తాగి, కవరులోంచి పాత పే స్లిప్పులు తీశాడు.

“అమ్మా, మా డీఏ బకాయిలు ఎప్పుడు ఇప్పిస్తారు?”