చావని బ్యాక్టీరియాకు మందెందుకన్నారు: పాలీమిక్సిన్‌-బితో నా అనుభవం

మా ఆడగుర్రం ఈనాక మాయ మూడు గంటలు దాటినా పడలేదు. పశువైద్యుడు వచ్చి తీశారు, గర్భాశయం కడిగారు. అయినా మర్నాటికి జ్వరం. గుండె వేగం పెరిగింది. పళ్ల మొదట్లో చిగురు వెంబడి ఊదారంగు గీత. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు తిరిగి రావలసిన రంగు రాలేదు. రక్తంలో ఎండోటాక్సిన్, అంటే బ్యాక్టీరియా పైపొరలోని విషం, చేరిందని చెప్పి, ఆయన యాంటీబయోటిక్ అయిన పాలీమిక్సిన్‌-బి రాశారు.

అసలు కష్టం మందుల కౌంటరులో మొదలైంది. అక్కడి ఉద్యోగి చీటీ చూసి, ‘‘ఈ మోతాదుకు బ్యాక్టీరియా చావదు. మీ డాక్టరుకు లెక్కలు రావా?’’ అని పదిమంది ముందు నవ్వాడు. ఏ బ్యాక్టీరియా ఉందో ల్యాబులో పెంచి చూసే కల్చర్ రిపోర్టు లేనిదే ఇవ్వనన్నాడు. మనుషులకు చివరి అస్త్రంగా దాచుకునే మందు కాబట్టి ఆచితూచి ఇవ్వడం సబబే. కానీ వినిపించుకోకపోవడం ఏం పద్ధతి? రిపోర్టు రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఈ మందు పనిచేసేది ఆ విషం ఒంట్లోని కణాలను రెచ్చగొట్టకముందే.

ఇక్కడ బ్యాక్టీరియాను చంపడం ఉద్దేశమే కాదు. పాము చచ్చినా కోరల్లో విషం ఉన్నట్టే, గ్రామ్ నెగటివ్ అనే రకం బ్యాక్టీరియా చచ్చాక కూడా దాని పైపొరలోని ఎండోటాక్సిన్‌లో విష భాగమైన లిపిడ్‌-ఎ హాని చేస్తుంది. చచ్చిన కలరా బ్యాక్టీరియా కూడా విషమేనని జర్మన్ శాస్త్రవేత్త రిచర్డ్ ఫైఫర్ 1892లోనే చూపించాడు. పాలీమిక్సిన్ ఆ లిపిడ్‌-ఎను పట్టుకుని కట్టేస్తుంది. అందుకు గుర్రాలకు కిలో బరువుకు 1000 నుంచి 6000 యూనిట్లు, ఎనిమిది పన్నెండు గంటలకోసారి ఇస్తారు. మోతాదు మితిమీరితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇదంతా నిలబడి చెప్పాను, గొంతు తగ్గించలేదు. చివరికి డాక్టరుగారు ఫోనులో పై అధికారితో మాట్లాడాకే సీసాలు చేతికొచ్చాయి.

ముందు సెలైన్ బాగా ఎక్కించి, తర్వాత మందు నెమ్మదిగా ఇచ్చారు. నొప్పి, వాపు తగ్గించే ఫ్లూనిక్సిన్ తక్కువ మోతాదులో తోడు వేశారు. గిట్టల వాపు రాకుండా కాళ్లకు మంచు కట్టాం. మీ పశువుకు జెంటామైసిన్ అనే యాంటీబయోటిక్ కూడా నడుస్తుంటే డాక్టరును తప్పక అడగండి; రెండూ మూత్రపిండాల మీదే భారం వేస్తాయి.

చిగురు మళ్లీ గులాబీరంగుకు వచ్చింది, మేత ముడుతోంది. మూత్రపిండాల పరీక్ష ఇంకోసారి చేయించాలి. కౌంటరు సంగతి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను: అత్యవసర చీటీ వస్తే నవ్వకుండా, రాసిన డాక్టరుకు ముందుగా ఫోను చేయాలని అడిగాను.