టర్న్‌పైక్ పొడుగునా రెండు అమెరికాలు

2024 అక్టోబరు ఆఖర్లో న్యూజెర్సీ నుంచి పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి కారులో బయల్దేరాం. అధ్యక్ష ఎన్నికలకు వారం కూడా లేదు. అధ్యక్షుణ్ణి తేల్చే ఎలక్టోరల్ ఓట్లు 19 ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రం ఎవరిదైతే అమెరికా వాళ్ళదే అని అందరి లెక్క. 2016లో ఇక్కడ ట్రంప్ మెజారిటీ 44 వేలు, 2020లో బైడెన్‌ది 80 వేలు. మన దగ్గర ఒక్క లోక్‌సభ సీటుకే ఇంతకంటే ఎక్కువ వస్తుంటుంది! రేడియోలో ఏ స్టేషన్ పెట్టినా ప్రచారమే. ఫలానావాళ్ళు గెలిస్తే ప్రజాస్వామ్యం పోతుందని ఒకరు, దేశమే పోతుందని ఇంకొకరు.

ఫిలడెల్ఫియా వీధుల్లో ఎటు చూసినా డెమొక్రాట్ అభ్యర్థులు హారిస్-వాల్జ్ బోర్డులే. టర్న్‌పైక్ అనే టోల్ హైవే ఎక్కి హారిస్‌బర్గ్ ఊరు దాటాక కొండలు మొదలయ్యాయి, బోర్డులు మారాయి. ఒక పొలంలో ట్రాక్టరుకి, పక్కనున్న కొట్టానికి, ఇంటి వసారాకి కూడా ట్రంప్ జెండాలే.

బ్రీజ్‌వుడ్‌లో కాఫీకి ఆగాం. పెట్రోలు బంకులు, మోటళ్ళు తప్ప అక్కడ ఊరంటూ పెద్దగా లేదు. ఈ బెడ్‌ఫోర్డ్ కౌంటీలో 2020లో నూటికి 80 మందికి పైగా ట్రంప్‌కి వేశారు. ఫిలడెల్ఫియాలో బైడెన్‌కీ దాదాపు అంతే. క్యూలో నా ముందున్న లారీ డ్రైవరు డీజిల్ ధరతో మొదలుపెట్టి, "చూడండి, పోస్టల్ ఓట్లు రాత్రికి రాత్రి కలిపేస్తారు" అన్నాడు. ఈ రాష్ట్రంలో పోలింగ్ రోజు ఉదయం 7 దాకా ఆ కవర్లు విప్పకూడదని చట్టం, 2020లో ఫలితం శనివారం దాకా తేలకపోవడానికి అదే ముఖ్య కారణం అన్నాను. "మరి ఆ చట్టం మార్చరేం?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. దాని మీద రెండు పార్టీలూ ఏళ్ళ తరబడి పేచీ పడుతూనే ఉన్నాయి. పని జరగదు, అనుమానం మాత్రం పెరుగుతుంది.

పెన్‌హిల్స్ కొండ మీద తెల్లటి గోపురం కనిపించాక ఈ గోల వదిలిందనుకున్నాను. దర్శనమయ్యాక కింద పులిహోర తింటుంటే పక్క బల్ల దగ్గర తండ్రీకొడుకులు మొదలెట్టారు.

"ట్రంప్ పక్కన ఉపాధ్యక్షుడిగా నిలబడ్డ వాన్స్ భార్య ఉష మన తెలుగమ్మాయిరా. సెకండ్ లేడీ అవుతుంది."

"ఆవిడ్ని చూసి వాళ్ళాయనకి ఓటేస్తారా డాడీ?"

"ట్యాక్సులు కట్టేది నేను కదరా!"

"ముందు తినండి, ఇంటికెళ్ళి కొట్టుకుందురుగాని" అంది ఆ అబ్బాయి వాళ్ళమ్మ.

గ్రీన్‌కార్డు క్యూలో ఉన్న నాకు ఓటే లేదు. టెన్షన్ మాత్రం అందరితో సమానం.

నవంబరు 5 సాయంత్రం, పోలింగ్ ఇంకా నడుస్తుండగానే, ఫిలడెల్ఫియాలో భారీ మోసం జరుగుతోందని ట్రంప్ పోస్ట్ పెట్టారు. అర్ధరాత్రి దాటాక పెన్సిల్వేనియా ఆయనకే దక్కింది, దాదాపు లక్షా 20 వేల ఓట్ల తేడాతో. ఆ తర్వాత ఆ మోసం ఊసు మళ్ళీ ఎక్కడా పెద్దగా వినపడలేదు.