నార్తోల్ట్ పోలిష్ వార్ మెమోరియల్: వెనక్కి వెళ్ళి పేర్లు చదవండి

పశ్చిమ లండన్‌లో ఉండే మనవాళ్ళలో చాలామందికి పోలిష్ వార్ మెమోరియల్ అంటే ఏ40 మీద ఒక జంక్షన్. ట్రాఫిక్ వార్తల్లో రోజూ వినపడే పేరు. ఆ పేరు వచ్చింది పక్కనే, సౌత్ రైస్లిప్‌లో ఉన్న రాతి స్తంభం వల్ల. పైన కంచు గద్ద ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ నుంచి ఎగిరి చనిపోయిన పోలిష్ వైమానికుల స్మారకం అది.

ఏ40 మీద బండి ఆపుకునే వీలుండదు కాబట్టి ట్యూబ్‌లో వెళ్ళడం మేలు. సెంట్రల్ లైన్‌లో వెస్ట్ రైస్లిప్ బోర్డున్న రైలే ఎక్కండి. కొన్ని రైళ్ళు ఈలింగ్ బ్రాడ్‌వే వైపు మళ్ళిపోతాయి, కొన్ని నార్తోల్ట్‌లోనే ఆగిపోతాయి. నార్తోల్ట్ తర్వాత రెండో స్టేషన్ రైస్లిప్ గార్డెన్స్. అక్కడ దిగి వెస్ట్ ఎండ్ రోడ్డు మీద దక్షిణంగా నడిస్తే కుడివైపు నార్తోల్ట్ వైమానిక స్థావరం వస్తుంది. ఆ రోడ్డు ఏ40ని కలిసే చోటే మెమోరియల్. వాహనాల హోరు మాత్రం ఎక్కువే. అక్కడ నిలబడి ఎవరికైనా వివరించి చెప్పాలనుకుంటే దారిలోనే చెప్పేయండి.

ముందునుంచి ఫొటో తీసుకుని వచ్చేస్తే అసలు చూడవలసింది చూడనట్టే. చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళండి, పేర్లున్నది అక్కడ. 1948 నవంబరు 2న బ్రిటిష్ వైమానిక దళాధిపతి లార్డ్ టెడ్డర్ ఆవిష్కరించినప్పుడు 1,243 పేర్లు ఉండేవి. స్థలం చాలక, యుద్ధవిధుల్లో ఎగురుతూ చనిపోయినవాళ్ళవే చెక్కారు. మిగిలినవాళ్ళవి 659 పేర్లు 1990ల మధ్యలో జరిగిన పునరుద్ధరణలో చేరాయి. శిల్పి మియెచిస్వావ్ లుబెల్స్కి యుద్ధకాలంలో జర్మన్ల నిర్బంధ శ్రమ శిబిరంలో ఉన్నవాడు. పోలండ్‌లోని వూచ్ నగరంలో ఆయన చేసిన జాతీయవీరుడు కోష్చుష్కో విగ్రహాన్ని 1939లోనే జర్మన్లు కూల్చేశారు.

వీళ్ళకి విడిగా స్మారకం ఎందుకు? శవం దొరకని వైమానికుల కోసం బ్రిటన్ రన్నీమీడ్‌లో 1953లో పెద్ద స్మారకం కట్టింది. ఇరవై వేలకు పైగా పేర్లున్నాయి అందులో. అవి కామన్‌వెల్త్ దళాలవాళ్ళవి. 1940 ఆగస్టు ఒప్పందంతో పోలిష్ వైమానిక దళం ఒక స్వతంత్ర మిత్రదేశపు సేన అయింది, యుద్ధంలో ఆజ్ఞలు మాత్రం బ్రిటిష్‌వాళ్ళవి. అంచేత సముద్రంలో పడిపోయిన పోలిష్ పైలట్‌కి ఈ దేశంలో పేరు మిగిలే ముఖ్యమైన చోటు నార్తోల్ట్. 1946 లండన్ విజయోత్సవ కవాతుకి పోలిష్ ఫైటర్ పైలట్లలో పాతికమందిని పిలిచారు. తమ దేశపు మిగతా సేనలని పిలవలేదని వాళ్ళు వెళ్ళలేదు. ఆ తర్వాత రెండేళ్ళకే ఈ రాయి లేచింది. నా దృష్టిలో ఈ రెండు సంగతులనీ కలిపే చూడాలి.

నార్తోల్ట్‌నే ఎంచుకోవడానికీ కారణం ఉంది. పోలిష్ పైలట్ల దళం 303 స్క్వాడ్రన్ 1940 ఆగస్టులో పుట్టింది ఇక్కడే. అప్పటికే యుద్ధం చూసినవాళ్ళని శిక్షణ పేరుతో నెలంతా ఎందుకు కూర్చోబెట్టారంటే, కాక్‌పిట్‌లో అలవాట్లే అడ్డం. పోలండ్‌లో వాళ్ళు నడిపిన పీ.11 విమానానికి చక్రాలు ముడుచుకోవు, దాంతో ఇక్కడిచ్చిన బ్రిటిష్ ఫైటర్ విమానం హరికేన్‌లో దిగేటప్పుడు చక్రాలు దించడం మరిచిపోయే ప్రమాదం. ఆ తర్వాత ఫ్రాన్స్‌లో నడిపిన ఫ్రెంచ్ విమానాల్లో థ్రాటిల్ వెనక్కి లాగితే ఇంజన్ పుంజుకుంటుంది, హరికేన్‌లో ముందుకి తోయాలి. వేగం కిలోమీటర్లలో కాక మైళ్ళలో, ఎత్తు మీటర్లలో కాక అడుగుల్లో చదవాలి. రేడియోలో అన్నీ ఇంగ్లీషే. ఆగస్టు 30న ఇంకా సాధన కోసం ఎగురుతుండగానే లుద్విక్ పష్కియెవిచ్ ఒక జర్మన్ విమానాన్ని కూల్చాడు, మర్నాడే స్క్వాడ్రన్‌ని యుద్ధంలోకి దించారు. బ్రిటన్ యుద్ధంలో, అంటే 1940లో బ్రిటన్ ఆకాశంలో జర్మన్ వైమానిక దళంతో జరిగిన పోరులో, వాళ్ళ ఖాతాలో 126 విమానాలని రాస్తారు. అది పైలట్లు అప్పట్లో చెప్పుకున్న లెక్క. జర్మన్ రికార్డులతో పోల్చిన చరిత్రకారులు తగ్గించే చెబుతారు.

పేర్లు చదివేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి: డబ్ల్యూని 'వ' అనాలి, ఎస్-జెడ్ కలిస్తే 'ష', సి-జెడ్ కలిస్తే 'చ'. అడ్డగీత ఉన్న ఎల్‌ని ఇంగ్లీషు డబ్ల్యూలా పలకాలి. పోలిష్ అక్షరక్రమంలో అది మామూలు ఎల్ తర్వాత విడి అక్షరం, జాబితాల్లో వెతికేవాళ్ళు అక్కడే తప్పిపోతారు.

మనకి దగ్గరి పేర్లు రెండున్నాయి. ఏడో నిజాం విరాళం వల్ల బ్రిటిష్ వైమానిక దళంలో 152 స్క్వాడ్రన్ పక్కన హైదరాబాద్ అని చేరింది. దాని చిహ్నం నిజాం తలపాగా. అందులో స్పిట్‌ఫైర్ నడిపిన సార్జెంట్ క్లైన్ 1940 నవంబరు 28న వెళ్ళి తిరిగి రాలేదు. హైదరాబాద్ స్టేట్ పేరున్న 253 స్క్వాడ్రన్‌లో పనిచేసిన సమోలిన్‌స్కి అదే ఏడాది సెప్టెంబరు 26న పోయాడు. ఆ రెండు పేర్ల కోసం వెతకండి.

దీపం పెట్టాలనుకుంటే పోలండ్‌వాళ్ళు వాడే మూత ఉన్న గాజు దీపమే తీసుకెళ్ళండి, నేలమీదే పెట్టండి. స్తంభం పోర్ట్‌లాండ్ రాయి, అంటే సున్నపురాయి. కరిగిన మైనం దాని రంధ్రాల్లోకి దిగితే జిడ్డు మరక వదలదు. పూలగుత్తికి కట్టిన ఇనుపతీగ రాతికి ఆనితే తుప్పుగీత పడుతుంది. పోర్ట్‌లాండ్ రాయి వానకి తడిసే చోట తెల్లగానే ఉంటుంది. నీళ్ళు తగలని మూలల్లో మాత్రం పొగలోని గంధకం రాతితో కలిసి జిప్సం అవుతుంది, మసిని పట్టేసి నల్లటి పొరలా కట్టుకుంటుంది. కంచు మీదనుంచి జారిన వాననీళ్ళకి ఆకుపచ్చ చారలు పడతాయి కాబట్టి ఇలాంటి కంచుకి మైనం పూత వేసి, అప్పుడప్పుడూ మళ్ళీ వేస్తూ ఉండాలి. శుభ్రం చేద్దామని ఆమ్లమున్న ద్రావణమో తీగబ్రష్షో ఎప్పుడూ వాడకూడదు. అక్షరాల అంచులు అరిగిపోతే ఆ పేరు మళ్ళీ చెక్కించాల్సిందే.

వెళ్ళడానికి సెప్టెంబరు మంచిది, బ్రిటన్ యుద్ధం గుర్తుగా అప్పుడే పుష్పాంజలి జరుగుతుంది. సమయం మిగిలితే నార్త్‌వుడ్ శ్మశానానికి కూడా వెళ్ళండి. పష్కియెవిచ్ సమాధి, 303లోనే ఎగిరిన చెక్ పైలట్ యోసెఫ్ ఫ్రాంటిషెక్ సమాధి అక్కడున్నాయి.