రెండో అక్షరం దగ్గర దొరికిన ప్రాస

మూడేళ్ల క్రితం తిరుపతిలో ఒక కళాశాల ఉత్సవంలో జరిగిన ర్యాప్ బ్యాటిల్‌లో, అంటే ఇద్దరు బీట్ మీద మాటలతో తలపడే పోటీలో, నేను మొదటి రౌండులోనే ఓడిపోయాను. ఇంట్లో 16 బార్లు (ఒక బారు అంటే నాలుగు దెబ్బల కొలత) రాసుకొని, కంఠతా పట్టి, అప్పటికప్పుడు పుట్టినట్లుగా వాటిని అప్పజెప్పాను. చిత్తూరు నుంచి వచ్చిన నా ప్రత్యర్థి ప్రశాంతంగా విని, నేను నాలుగు పాదాలను ముగించిన తీరును, "వచ్చినాను, చూసినాను, పట్టినాను, కొట్టినాను" అని వేళ్లు మడుస్తూ తిరిగి పలికి, "ఐదోది నేను చెప్తాలే, ఓడినాను" అన్నాడు. హాలంతా లేచి అరిచింది.

అతడు ఎత్తిచూపింది నా ఒక్కడి లోపం కాదు, తెలుగులో ఫ్రీస్టైల్ చేసే, అంటే అప్పటికప్పుడు పాదాలు అల్లే, మనలో చాలామందిది. మన వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది. జరిగినది చెప్పేటప్పుడు నేను అంటే "నాను", నువ్వు అంటే "నావు" వస్తాయి కనుక అంత్యప్రాస అడగకుండానే చేతికి వస్తుంది. అలా వచ్చినదాన్ని వినేవాడు మనకంటే ముందే ఊహిస్తాడు. ఇంగ్లీషులో పాదం చివర తరచూ నామవాచకమో విశేషణమో నిలుస్తుంది కాబట్టి అక్కడ ప్రాస కుదరడానికి కష్టపడాలి, ఆ కష్టమే చప్పట్లు కొట్టిస్తుంది. ఆ పద్ధతిని ఉన్నదున్నట్లు తెచ్చుకొని, మన భాషలో చవకగా దొరికే చోటునే మనం ప్రాసకు కేటాయించాము.

మన పద్యం ఈ సంగతిని ఎప్పుడో గ్రహించింది. వృత్తాల్లో, అంటే ఉత్పలమాల వంటి పద్యాల్లో, ప్రాస ప్రతి పాదంలోనూ రెండో అక్షరం మీద ఉంటుంది. యతి పాదం మొదటి అక్షరాన్ని నడుమ ఒక చోట పలకరిస్తుంది. ఛందస్సు మొత్తం పాటించమని నేను అనను, ఆ రెండు చోట్లను మాత్రం బీట్ మీదికి తెచ్చుకోవాలంటాను. తరువాత ఒక సాధనలో అదే చిత్తూరు మిత్రుడికి నేను చెప్పిన రెండు పాదాలివి:

పుత్తూరు బస్సెక్కి పోరుకొచ్చినావు
చిత్తూరు పొగరంతా చెమటైపోయె

రెండో అక్షరం "త్తూ" కలిసింది. "పు"కు "పో", "చి"కి "చె" తగిలాయి. చివరలు కలవకపోయినా చెవికి లోటు తెలియలేదు.

ఇది అలవాటు కావడానికి నేను బస్టాండులో కూర్చునేవాడిని. చెవిలో బీట్ పెట్టుకొని, కదులుతున్న బస్సు బోర్డు మీద ఏ ఊరి పేరు కనిపిస్తే దానితో పాదం ఎత్తుకోవాలి: పాకాల అని చదివితే "కేకలు", "మూకలు" వెంటనే నాలుక మీదికి రావాలి. అవధానంలో పృచ్ఛకుడిచ్చిన పదాలను పద్యంలో ఇమిడ్చే దత్తపదికి ఇది దగ్గరి చుట్టం. నిమిషానికి 90 దెబ్బల బీట్ మీద ఒక బారుకు 2.7 సెకన్లయినా దక్కవు, 16 బార్లు 43 సెకన్లలో అయిపోతాయి. ఆలోచించి వెతుక్కునేంత వ్యవధి అందులో లేదు. ఊపిరికి మాత్రం అలిపిరి మెట్లను మించిన సాధన నాకు తెలియదు. గాలిగోపురం దాకా లయ తప్పకుండా గోవింద నామాలు చెప్పుకుంటూ ఎక్కగలిగినవాడికి వేదిక మీద పాదం నడిమధ్యలో తెగదు.

బ్యాటిల్‌లో ఇంకొక మెళకువ ఉంది. దెబ్బ తీసే మాటను క్రియకు ముందు పెడితే అది క్రియ చాటున నలిగిపోతుంది. "టికెట్టు లేకుండా బరిలోకి వచ్చినావు" అనేదానికంటే, "బరిలోకి వచ్చినోడి చేతిలో లేదు టికెట్టు" అన్నప్పుడు జనం సరిగ్గా చివరి దెబ్బ మీద అరుస్తారు. అందుకే ఆ చివరి మాటను ముందుగా మనసులో పట్టుకొని, అక్కడికి చేరే దారిని నోటితో వేసుకుంటూ పోవాలి. గంగమ్మ జాతరలో వేషాల వాళ్ల తిట్లు విని పెరిగిన ఊరు మాది. వట్టి బూతుకు ఇక్కడ నవ్వు రావచ్చు గాని గెలుపు రాదు. ఎదుటివాడు ఇప్పుడే అన్న మాట, వాడు మైకు మార్చుకున్న తీరు, వాడు మింగేసిన అక్షరం, ఇవే పనికివస్తాయి, ఇవి వినేవాడికే అందుతాయి.

ఇప్పుడు ఆ మిత్రుడూ నేనూ ఆదివారాలు యూనివర్సిటీ మైదానంలో కూర్చుంటున్నాము. ఒకరు వదిలిన చివరి మాటతోనే రెండోవారు ఎత్తుకోవాలన్నది మా నియమం. మూడు మలుపుల వరకు నేను నిలబడుతున్నాను, నాలుగోదాంట్లో నాలుక మళ్లీ "నాను" వైపు జారుతోంది. వచ్చే ఆదివారం బస్సు బోర్డులు మాని, కూరగాయల పేర్లతో మొదలుపెట్టాలనుకున్నాము.