పాత కాలమ్‌ల మీద కొత్త టవర్

శనివారం, సిడ్నీ.

హైదరాబాదు నుంచి వచ్చిన నాన్నగారిని ఈ రోజు పర్రమట్టా నుంచి ఫెర్రీలో సర్క్యులర్ కీ రేవుకు తీసుకువెళ్లాను. ఆయన ఆర్ అండ్ బీ శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు కాబట్టి ఆపెరా హౌస్ కోసం ఎదురుచూస్తున్నారనుకున్నాను గాని, హార్బర్ బ్రిడ్జి దాటగానే ఆయన చూపు రేవు వెనకనున్న మరో భవనం మీద నిలిచిపోయింది. ఐదు పెద్ద పెట్టెలను ఒకదానిపై ఒకటి పేర్చి, ఒక్కొక్కదానిని కాస్త పక్కకు తిప్పినట్లుండే కీ క్వార్టర్ టవర్ అది. అది పూర్తిగా కొత్త కట్టడం కాదంటే ఆయన మొదట నమ్మలేదు.

1976లో ఏఎంపీ అనే బీమా సంస్థకు ఏఎంపీ సెంటర్ పేరుతో వెలసిన ఆఫీసు టవర్‌ను నేలమట్టం చేయకుండా, డెన్మార్కుకు చెందిన త్రీఎక్స్ఎన్ ఆర్కిటెక్టుల సంస్థ రూపకల్పనలో, పాత కాలమ్‌లు, బీములు, స్లాబులలో సుమారు 65 శాతాన్ని, లిఫ్టుల చుట్టూ ఉండే కోర్ గోడలలో 95 శాతాన్ని అలాగే ఉంచి, ఒక పక్కన కొత్త అంతస్తులను చేర్చి దీనిని తయారుచేశారు. ఎత్తు 216 మీటర్లకు చేరింది, వైశాల్యం ఇంచుమించు రెండింతలైంది. 2022లో వరల్డ్ ఆర్కిటెక్చర్ ఫెస్టివల్ దీనిని ఆ ఏటి మేటి భవనంగా ఎంపిక చేసింది.

బహుమతుల మాట నాన్నగారు పట్టించుకోలేదు. "కొత్త స్లాబును పాతదానితో ఎలా కలిపార్రా?" అని అడిగారు, ఆపై జవాబు కూడా ఆయనే చెప్పుకుంటూ పోయారు. కొత్త కాంక్రీటు ఆరుతున్నకొద్దీ కుదించుకుంటుంది, బరువు పడేకొద్దీ కొత్త కాలమ్‌లు మిల్లీమీటర్ల లెక్కన పొట్టివవుతాయి. నలభై ఏళ్లు దాటిన పాత కాంక్రీటులో ఆ కదలిక ఏనాడో దాదాపు ఆగిపోయి ఉంటుంది. తొందరపడి రెండింటినీ కలిపేస్తే అతుకు దగ్గర పగులు తప్పదు కనుక, ఇటువంటి పనుల్లో నడుమ కొంత మేర ఖాళీ వదిలి, కొత్త భాగం కుదురుకున్నాకే కాంక్రీటు పోసి మూస్తారట. పాత డ్రాయింగులు దొరక్కపోతే కమ్మీ ఎక్కడుందో వెతకడానికే నెలలు పడుతుందని కూడా అన్నారు. ఆ మాటలో సొంత అనుభవం వినిపించింది.

నా మనసు మాత్రం ముందు వరుసలో, అదే సంస్థ అంతకు ముందు కట్టిన పాత ఏఎంపీ భవనం దగ్గర ఆగింది. సిడ్నీలో దశాబ్దాలపాటు అమలులో ఉన్న 150 అడుగుల ఎత్తు పరిమితిని 1962లో దాటి, ఈ రేవు రూపురేఖలనే మార్చిన వంపు ముఖపు భవనం అది. దాని వెనక 1976 నాటి టవర్ ఇన్నాళ్లూ ఒక నిలువు గోడలా, ఎవరి దృష్టినీ లాక్కోకుండా నిలబడి ఉండేది. ఇప్పుడది మెలికలు తిరిగి రేవులోకి తొంగిచూస్తుంటే ముందున్న పెద్దది చిన్నబోయింది. కూల్చివేత తప్పడం వల్ల వేల టన్నుల కాంక్రీటు ఆదా అయిందని ఒప్పుకుంటూనే, ఆ ఆదాతో పాటు అద్దెకిచ్చే చోటు కూడా రెట్టింపయిందన్న సంగతిని నేను పక్కన పెట్టలేను. ఆ లాభం లేకుంటే పాత కాలమ్‌లను ఎవరు కాపాడేవారు?

నాన్నగారు దీనికి ఒప్పుకోలేదు. ఎందుకు నిలిపినా నిలిపారు కదా, హైదరాబాదు బషీర్‌బాగ్‌లోని బాబూఖాన్ ఎస్టేట్ బహుళ అంతస్తుల భవనాన్నైనా మనవాళ్లు ఇలా ఆలోచించి చూడవచ్చు కదా, అన్నది ఆయన వాదన. సోమవారం లాబీ తెరిచి ఉంటుంది కాబట్టి, లోపల పాత కాలమ్ ఏదో కొత్తది ఏదో గుర్తుపడతానని ఇప్పటినుంచే పందెం కాస్తున్నారు.