ఎదురింటావిడ ఫారం

నవంబరు 29, 2025, శనివారం

పొద్దున్నుంచీ తుంపర. మధ్యాహ్నం రెండింటికే ఇంట్లో లైట్లు వేయాల్సి వచ్చింది. ఇంగ్లండ్ వచ్చి పద్నాలుగేళ్ళయినా నవంబరు చీకటి నాకింకా అలవాటు కాలేదు.

పదకొండింటికి ఆయన పాపను స్విమ్మింగ్‌కి తీసుకెళ్ళారు. నేను కుక్కర్ దించేసి, కోటు తగిలించుకుని ఎదురింటికి వెళ్ళాను. నిన్న చెత్త బిన్ బయట పెడుతుంటే ఆవిడ గుమ్మంలోంచి పిలిచింది. "తీరిక దొరికితే ఒకసారి వస్తావా, మి డక్? నా చేతులతో రాయలేకపోతున్నాను." ఈస్ట్ మిడ్‌లాండ్స్‌లో పెద్దవాళ్ళు ఆప్యాయంగా అలాగే పిలుస్తారు. డక్ అంటే బాతు కదా, కొత్తలో వింతగా ఉండేది. ఇప్పుడు మన వైపు "అమ్మలూ" అన్నట్టే వినిపిస్తుంది.

ఆవిడకు అరవై ఒకటి. ఒక స్కూల్లో పిల్లలకు మధ్యాహ్నం భోజనాలు వడ్డించే పని ఇరవై రెండేళ్ళు చేసింది. కీళ్ళవాతం వచ్చి వేళ్ళన్నీ వంకర తిరిగిపోయాయి. మేం ఈ వీధిలోకి వచ్చిన మొదటి చలికాలం మా బాయిలర్ పాడైతే, తన ఇంట్లో ఉన్న రెండు హీటర్లలో ఒకటి మోసుకొచ్చి మా గుమ్మంలో పెట్టి వెళ్ళిన మనిషి.

టేబుల్ మీద ఫారం ఉంది. పిప్ రివ్యూది. పిప్ అంటే పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్. జబ్బు వల్లో వైకల్యం వల్లో రోజూ పడే అదనపు ఖర్చుకి ఇచ్చే డబ్బు. ఉద్యోగం చేస్తున్నవాళ్ళకి కూడా వస్తుంది. ఆవిడకి వచ్చేది వారానికి 73 పౌండ్ల 90 పెన్నీలు. ఇది ఇవ్వడం మొదలుపెట్టాక ఇలా రివ్యూకి పిలవడం మూడోసారట. వేళ్ళు ఏమైనా తిన్నగా అయ్యాయా అని అడగడం మూడోసారి అన్నమాట.

వంట, తినడం, మందులు, స్నానం, బట్టలు వేసుకోవడం ఇలా ఇంటి పనులు పది, నడకకి సంబంధించినవి రెండు. ఒక్కోదానికి పాయింట్లుంటాయి. ఇంటి పనుల్లో ఎనిమిది వస్తే మామూలు రేటు, పన్నెండు వస్తే పెద్ద రేటు. ఆవిడకి కిందటిసారి వంటకి రెండు, తిండి ముక్కలు కోసి పెట్టాల్సి వస్తుంది కాబట్టి రెండు, తనంతట తాను తల రుద్దుకోలేదు కాబట్టి రెండు, నడుము కింది బట్టలు ఒకరి సాయం లేకుండా వేసుకోలేదు కాబట్టి రెండు. సరిగ్గా ఎనిమిది.

ఈ లెక్క చూశాక ఈ ఏడాది మార్చిలో ఆవిడ ఎందుకు నిద్రపోలేదో నాకు అర్థమైంది. అప్పుడు సంక్షేమ శాఖ మంత్రిగా ఉన్న లిజ్ కెండల్ ఒక ప్రతిపాదన పెట్టారు. మొత్తం ఎనిమిది వస్తే చాలదు, ఏదో ఒక్క పనిలో నాలుగు పాయింట్లు రావాలి అన్నారు. దీనితో పాటు మరికొన్ని కోతలు కలిపి ఏడాదికి దాదాపు 500 కోట్ల పౌండ్లు మిగుల్తాయన్నారు. ఆ నాలుగు పాయింట్ల గీత ఎలాంటిదంటే, నడుము కింద కడుక్కోవడానికి ఒకరి సాయం కావాలంటే రెండే. భుజాల నుంచి నడుము దాకా కడుక్కోవడానికి సాయం కావాలంటే నాలుగు. కాగితం మీద ఎవరో గీసిన గీతకి ఇవతల ఉన్నామా అవతల ఉన్నామా అని మా ఎదురింటావిడ వసంతకాలమంతా టెన్షన్ పడింది. చివరికి లేబర్ పార్టీలోనే వందమందికి పైగా ఎంపీలు ఎదురు తిరిగారు. జులై 1న ఓటింగ్ రోజు సాయంత్రం ప్రభుత్వం ఆ భాగాన్ని వెనక్కి తీసుకుంది. కొత్తగా, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్‌కి వచ్చే జబ్బు మనుషులకు మాత్రం కోత ఆగలేదు. వాళ్ళలో చాలామందికి ఆరోగ్యం కోసం ఇచ్చే మొత్తం వచ్చే ఏప్రిల్ నుంచి వారానికి 97 పౌండ్ల బదులు 50 అవుతుంది.

రాసుకుంటూ వెళ్ళాం. వంట దగ్గర ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశాను: కుండ ఎత్తలేదు, బంగాళాదుంప తొక్క తీయలేదు, మైక్రోవేవ్ తలుపు మోచేత్తో తెరుస్తుంది. స్నానం దగ్గరికి వచ్చేసరికి "అది తర్వాత రాద్దాం" అంది. నేను బలవంతం చేయలేదు.

టీ పెట్టడానికి లేస్తే ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఆవిడ కౌన్సిల్ టాక్స్, అంటే ఇంటి పన్ను కాగితం కనిపించింది. ఇంటి ధరను బట్టి వేసే తరగతుల్లో బ్యాండ్ బి. మాది సి. మాకు నెలకు 200 పౌండ్ల పైచిలుకు, ఏప్రిల్ నుంచి జనవరి దాకా పది వాయిదాలు. ఆ కాగితం చూశాక మనసులో పట్టుకున్న ఆలోచన ఇంక రోజంతా వదల్లేదు.

ఇంగ్లండ్‌లో ఏ ఇల్లు ఏ బ్యాండ్‌లో ఉందన్నది 1991 ఏప్రిల్ 1 నాటి ధరను బట్టి. అంతకుముందు తలకింత అని వేసిన పోల్ టాక్స్ మీద జనం మండిపడ్డారు, 1990 మార్చిలో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో అల్లర్లయ్యాయి, అదే ఏడాది ప్రధాని థాచర్ దిగిపోయారు. దాని స్థానంలో హడావుడిగా 1993లో కౌన్సిల్ టాక్స్ తెచ్చారు. చాలా వీధుల్లో కారు సెకండ్ గేర్‌లో నడుపుతూ, కిటికీలోంచి చూసి ఇళ్ళకు ధర కట్టారట. ఆ తర్వాత ఇంగ్లండ్ మొత్తంలో ఎవరూ మళ్ళీ ధర కట్టలేదు. వేల్స్ మాత్రం 2003 ధరలకి మారింది. మా వీధి చివర పోయినేడు కట్టిన ఇంటిక్కూడా, అప్పట్లో అదే ఉండి ఉంటే 1991లో ఎంతకి అమ్ముడయ్యేదో ఊహించి బ్యాండ్ ఇస్తారు.

అన్నిటికన్నా పై బ్యాండ్ హెచ్. 1991లో 3,20,000 పౌండ్లు దాటిన ఇళ్ళన్నీ అందులోనే. అది ఎంత పెద్ద భవనమైనా బ్యాండ్ డి ఇంటికి రెండింతలు కడితే సరి. లండన్ నడిబొడ్డున వెస్ట్‌మినిస్టర్‌లో రేటు చాలా తక్కువ. అక్కడి బ్యాండ్ హెచ్ ఇంటికి ఈ ఏడాది పన్ను 2,000 పౌండ్ల చిల్లర. ఒక గోడ పక్కింటితో పంచుకున్న మా మూడు బెడ్‌రూముల ఇంటికి నేను కట్టేదీ దాదాపు అంతే. ఈ లెక్క మొదటిసారి చూసినప్పుడు ఎక్కడో తప్పు చేశాననుకుని మళ్ళీ వేసుకున్నాను.

మనిషి వేళ్ళని మూడేళ్ళకోసారి కొలుస్తున్నారు. కోట్ల పౌండ్ల ఇళ్ళని ముప్ఫై నాలుగేళ్ళుగా కొలవలేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

మధ్యాహ్నం అమ్మకి ఫోన్ చేసినప్పుడు ఫారం సంగతి చెప్పాను. సగం వినేసరికే అందుకుంది. "సదరం క్యాంపు లాంటిదేగా! మన వీధి చివర టైలర్ లేడూ, చిన్నప్పుడు పోలియో వచ్చినతను, అతన్ని కూడా మళ్ళీ పరీక్షకి రమ్మన్నారే. ఎవరి భుజమో పట్టుకుని బస్సెక్కి వెళ్ళొచ్చాడు. పోలియో కాలు ఇప్పుడు మామూలవుతుందా ఏంటి?" అక్కడ వికలాంగుల పింఛను నెలకు 6,000. ఆ డబ్బుతోనే అతను షాపు అద్దె కడతాడట. ఇంటి పన్ను మాటకొస్తే, ఆంధ్ర పట్టణాల్లో 2021 నుంచి అద్దె విలువ తీసేసి ఆస్తి విలువ మీద వేస్తున్నారు. "మనకి ఏటా పెరుగుతూనే ఉంది" అని అమ్మ విసుక్కుంది. ఇంగ్లండ్‌లో 1991 ధర అంటే నమ్మలేదు. "అంత పెద్ద దేశంలోనా?" అంది.

బుధవారం బడ్జెట్ వచ్చినప్పటి నుంచి మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు వేడిగా ఉంది. ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ రెండు పనులు చేశారు. ఇద్దరు పిల్లల తర్వాత పుట్టినవాళ్ళకి బెనిఫిట్ ఇవ్వకుండా 2017 నుంచి ఉన్న పరిమితిని వచ్చే ఏప్రిల్ నుంచి ఎత్తేస్తామన్నారు. 20 లక్షల పౌండ్లు దాటిన ఇళ్ళ యజమానుల మీద 2028 ఏప్రిల్ నుంచి ఏడాదికి 2,500 నుంచి 7,500 దాకా అదనపు పన్ను వేస్తామన్నారు. రెండోదాని గురించి గ్రూపులో ఎవరూ మాట్లాడలేదు, మాలో ఎవరికీ అలాంటి ఇల్లు లేదు. మొదటిదాని మీదే అందరూ. "మనం పన్నులు కట్టాలి, వాళ్ళు పిల్లల్ని కని కూర్చుని తినాలి."

ఆ మాట ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలుసు. మా మొదటి వీసా కార్డు మీద "నో పబ్లిక్ ఫండ్స్" అని ఉండేది, అంటే ప్రభుత్వ సాయం అడగకూడదని. జీతంలో పన్ను కోస్తారు, కౌన్సిల్ టాక్స్ పూర్తిగా కట్టాలి, ఇప్పుడొచ్చేవాళ్ళయితే మనిషికి ఏడాదికి 1,035 పౌండ్ల హెల్త్ సర్‌చార్జీ కూడా. ఉద్యోగం పోతే యూనివర్సల్ క్రెడిట్ లాంటి సాయం రాదు. దానికి తోడు ఐదేళ్ళకి రావాల్సిన, ఇక్కడే స్థిరంగా ఉండనిచ్చే ఐఎల్‌ఆర్‌ని పదేళ్ళు చేసే ప్రతిపాదనను గత వారమే విడుదల చేశారు. కుర్రాళ్ళు భయంలో ఉన్నారు.

అయినా ఊరుకోలేక రాశాను. ఆ పరిమితి తగిలిన కుటుంబాల్లో సగానికి పైగా ఒకరైనా ఉద్యోగం చేస్తున్నవాళ్ళేననీ, సంక్షేమం ఖర్చులో అన్నిటికన్నా పెద్ద పద్దు వృద్ధాప్య పింఛనుదేననీ, మూడో బిడ్డగా పుట్టడం ఆ బిడ్డ చేసిన తప్పు కాదనీ. కాసేపటికి ఒక తమ్ముడు జవాబిచ్చాడు: "అక్కా, మీకు ఐఎల్‌ఆర్ వచ్చేసింది కాబట్టి అలా అనగలుగుతున్నారు." ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అది నిజం కూడా. ఇంతకుముందు నాకూ ఆ కోపం ఉండేది. తర్వాత ఎదురింటావిడ పరిచయమైంది.

అవతలి పక్క కూడా చూడాలి. ఆఫీసులో నా పక్క సీటాయన తల్లి లండన్‌లో ఉంటారు. టీచర్‌గా చేసి రిటైరయ్యారు. 1970ల్లో చవగ్గా కొన్న ఇల్లు ఇప్పుడు 20 లక్షలు దాటిందట. చేతిలోకి వచ్చేది పింఛనే. "మా అమ్మ ఇటుకలు అమ్ముకుని పన్ను కట్టాలా?" అని గురువారం లంచ్‌లో అడిగాడు. అతని గొంతులో బాధ నిజమైనదే. నేననేది, అలాంటివాళ్ళకి ఇల్లు అమ్మినప్పుడో వారసులకి వెళ్ళినప్పుడో కట్టే వీలు ఉండాలని. పెద్దావిడ తోటలో గులాబీలు ఆవిడ ఉన్నంతకాలం ఆవిడవే. కానీ ఆ ఇంటి ధర పెరగడానికి ఆవిడ చేసిందేమీ లేదు, పక్కన రైలు స్టేషన్ వచ్చింది, ఊరు పెరిగింది. ఎదురింటావిడ వేళ్ళు వంకర పోవడానికి కూడా ఆవిడ చేసిందేమీ లేదు. డబ్బు చాలనప్పుడు ఎవరి దగ్గర ముందు అడగాలన్నది నాకు ఇందులో స్పష్టంగానే కనిపిస్తోంది.

పెద్ద ఇళ్ళ పన్నుతో వచ్చేది ఏడాదికి 40 కోట్ల పౌండ్లు. పిల్లల పరిమితి ఎత్తేయడానికి కొన్నేళ్ళలో ఏడాదికి 300 కోట్ల దాకా కావాలి. కాబట్టి పైన ఒక పొర గీకితే సరిపోదు. మొత్తం ఇళ్ళకి మళ్ళీ ధర కట్టాలి. అది చేస్తే ఓట్లు పోతాయని లేబర్, కన్సర్వేటివ్ రెండు పార్టీలూ ముప్ఫై ఏళ్ళుగా తప్పించుకుంటున్నాయి. ధరలు బాగా పెరిగింది లండన్, దాని చుట్టుపక్కల. మాలాంటి ఊళ్ళలో చాలామందికి పన్ను తగ్గచ్చు కూడా. మాకు పెరిగితే కడతాం. ఆయనతో అంటే, లెక్క చూసి ఒక నిమిషం ఆగి, "కడదాంలే" అన్నారు.

ఆరింటికి మళ్ళీ వెళ్ళాను, పప్పు, అన్నం డబ్బాలో పెట్టుకుని. ఆవిడకి మన పప్పంటే ఇష్టం, కారం తక్కువ వేస్తాను. స్నానం పేజీ తెరిచి పెట్టి కూర్చుంది. కిటికీ వైపు చూస్తూ చెప్పింది. చెల్లెలు ఆదివారాలు వచ్చి తలకి పోస్తుందట. మిగతా రోజులు తడిగుడ్డతో తుడుచుకోవడమే. వేసవి నుంచి కుడి భుజం కూడా లేవడం లేదు. చంకల్లోకి, వీపు మీదికి చెయ్యి పోదు. వారంలో ఆరు రోజులు అక్కడ శుభ్రం చేసుకోలేకపోతోంది.

"ఇది కూడా రాయాలా?" అంది.

"రాయాలి. భుజాల నుంచి నడుము దాకా అని రాయాలి" అన్నాను.

ఆవిడ చెప్పిన మాటలు అలాగే రాశాను. సంతకం పెట్టడానికి పెన్ను రెండు చేతులతో పట్టుకుంది. చాలాసేపు పట్టింది.

ఫారం ఇప్పుడు నా ఆఫీసు బ్యాగులో ఉంది. సోమవారం ప్రతి పేజీ జిరాక్స్ తీసి, పోస్టాఫీసులో రసీదు తీసుకుని పంపాలి. డిసెంబరు 11 లోపు చేరాలి.